₹5,310 అడిగిన ఇంటర్న్‌షిప్ ₹1,200లో ఎలా అయింది

డిగ్రీ రెండో ఏడాది తర్వాత వచ్చే వేసవి సెలవులు పేరుకే సెలవులు. నాలుగో సెమిస్టర్ పరీక్షలు అయిన మరుసటి వారం నుంచే రెండు నెలల షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ మొదలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది చివర రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది చివర ఇది, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ పూర్తిగా. ఈ వేసవి దానికి 180 గంటలు, 4 క్రెడిట్లు. క్రెడిట్లు నిండకపోతే పట్టా చేతికి రాదు. ఇదంతా క్లాసులో చెప్తారు. చేతినుంచి ఎంత పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

నాది బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్. పుత్తూరు నుంచి తిరుపతికి రోజూ వచ్చిపోయే బాపతు. ఫిబ్రవరిలోనే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రైవేటు సంస్థ ప్యాకేజీ తిరగడం మొదలైంది. ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, రెండు నెలలు, సర్టిఫికెట్, రిపోర్టు కూడా వాళ్లే రాసి ఇస్తారట. ₹4,500, దానిపైన 18 శాతం జీఎస్టీ ₹810, వెరసి ₹5,310. సగం క్లాసు కట్టేసింది. అదే ఇంటర్న్‌షిప్ నాకు దాదాపు ₹1,200తో అయింది. పెద్ద తెలివేమీ కాదు, నెలన్నర ముందు కదిలానంతే. ఏ పద్దు ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తగ్గించవచ్చో కింద రాస్తున్నాను.

ముందు స్కాలర్‌షిప్ సంగతి, ఎందుకంటే ఇంట్లో వాళ్ల మొదటి ప్రశ్న అదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజుకే. బయటి సంస్థ అడిగే డబ్బు అందులోకి రాదు. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంటే అది వేరు. డిగ్రీలో ఏడాదికి ₹12,000, మన ఖాతాలోకే వస్తుంది, దేనికి ఖర్చు పెట్టావని అడిగేవాళ్లు లేరు. కానీ ఏటా రెన్యువల్ చేసుకోవాలి, 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ఆ డబ్బు వేసవిలోపు పడుతుందని లెక్క వేసుకోవద్దు. డబ్బు పడకపోతే చాలామంది బ్యాంకుకు పోయి ఆధార్ లింక్ అయిందా అని అడిగి, అయిందంటే వచ్చేస్తారు. లింక్ వేరు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాకు పోవాలో చెప్పే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ వేరు. ప్రభుత్వ డబ్బు ఆధార్‌కు చివరగా మ్యాప్ అయిన ఖాతాలోకి పోతుంది. మధ్యలో ఏ ఫోన్ యాప్‌లోనో కొత్త ఖాతా తెరిచి, ఆధార్ దానికి మ్యాప్ అయి ఉంటే డబ్బు అక్కడికి పోయి కూర్చుంటుంది. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఏ బ్యాంకో అక్కడే కనిపిస్తుంది. రెండు నిమిషాల పని, బ్యాంకు క్యూలో నిలబడేముందు చూసుకుంటే సరి.

ఇక ప్యాకేజీ. ఇలాంటివన్నీ మోసమని అనను. నిజంగా క్లాసులు చెప్పేవాళ్లూ ఉంటారు. కట్టే ముందు మాత్రం మూడు తనిఖీలు ఉన్నాయి, మూడూ ఉచితం. బిల్లు మీద జీఎస్టీ నంబర్ అడగండి. అది 15 అంకెలు, అక్షరాల కలగలుపు, మన రాష్ట్రంలో నమోదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ టాక్స్‌పేయర్ దగ్గర కొడితే సంస్థ పేరు, ఊరు, నంబర్ యాక్టివ్‌గా ఉందా లేదా వస్తాయి. సేవలు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ ₹20 లక్షల లోపుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది తప్పు కాదు. కానీ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేయకూడదు. నంబర్ లేకుండా 18 శాతం అడిగారంటే అక్కడే ఆగిపోండి. రెండోది, ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్పుకుంటే కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో పేరు వెతకండి. మూడోది అన్నిటికన్నా తేలిక: డబ్బు ఎవరి పేరు మీద పడుతోంది? యూపీఐ స్కాన్ చేయగానే సంస్థ పేరు కాకుండా ఏ మనిషి పేరో వస్తే, రేపు రసీదు అడగడానికి సంస్థ ఉండదు, ఆ మనిషి ఫోన్ ఎత్తడు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక పని మిగులుతుంది. ఆ సంస్థ సర్టిఫికెట్‌ను కాలేజీ ఒప్పుకుంటుందా అని ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్‌ను అడిగి, వీలైతే కాగితం మీద సంతకం చేయించుకోవాలి. డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు. కట్టింది వెనక్కి రాదు. ఉచితంగా దొరికే ఆన్‌లైన్ కోర్సులకూ ఇదే సూత్రం. ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డ్‌లో చదవడానికి డబ్బు అడగరు. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ స్వయం, ఐఐటీల ఎన్‌పీటెల్ కోర్సుల్లో చేరడం ఉచితమే, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. నేర్చుకోవడానికి మంచివే. కానీ కోర్సు వేరు, ఇంటర్న్‌షిప్ వేరు. కాలేజీలో మన ఇంటర్న్‌షిప్ చూసే మెంటార్ మేడం ముందే సరే అంటే తప్ప ఆ సర్టిఫికెట్ పట్టుకుని జూలైలో కాలేజీకి పోతే పని కాదు.

నేను పట్టుకున్నది తిలక్ రోడ్డు పక్క సందులో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు. బీకాం వాళ్లకు ఇంతకన్నా తేలికైన దారి లేదని నా అభిప్రాయం. కారణం వాళ్ల క్యాలెండరే. మే 31కి చివరి త్రైమాసికం టీడీఎస్ (ముందే కోసుకున్న పన్ను) రిటర్నులు, జూన్ 15కి ఉద్యోగులకిచ్చే ఫారం 16లు, ప్రతి నెలా 11కి అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1, 20కి పన్ను కట్టే రిటర్ను 3బి, ఆ వెనకే మామూలుగా జూలై 31 గడువుతో ఆదాయపు పన్ను రిటర్నులు. మన రెండు నెలలూ వాళ్లకు ఊపిరాడని రెండు నెలలు. బిల్లులు వరుసలో పెట్టడానికి, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కొనుగోళ్లు ఎక్కించడానికి, వాటిని అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా జీఎస్టీఆర్-2బితో సరిపోల్చడానికి ఒక చెయ్యి కావాలి. ఉచితంగా వచ్చే చెయ్యిని ఎవరు వద్దంటారు? అయితే మే నెలలో పోతే కుదరదు, అప్పటికి వేరేవాళ్లు కుదిరిపోయి ఉంటారు. మార్చి నెలాఖరు కూడా మంచిది కాదు, ఆర్థిక సంవత్సరం ముగింపు పనిలో ఉండి మన వైపు చూడరు. ఫిబ్రవరి చివర, లేదా ఏప్రిల్ మొదటి వారం.

అడిగే పద్ధతి గురించి ఒక మాట. "సార్, ఇంటర్న్‌షిప్ ఇస్తారా" అని అడిగితే అదేదో డబ్బు ఇవ్వాల్సిన వ్యవహారమని భయపడి లేదనేస్తారు. నేను నాలుగు చోట్ల లేదనిపించుకున్నాక మాట మార్చాను. "సార్, కాలేజీ తరఫున రెండు నెలలు వచ్చి పని నేర్చుకుంటాను. జీతం వద్దు. ట్యాలీ వచ్చు. చివర్లో సర్టిఫికెట్, లాగ్ బుక్కులో సంతకం పెడితే చాలు." ఐదో చోట కుదిరింది. చేతిలో ప్రిన్సిపాల్ లెటర్ ఉండాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద, మన పేరు, హాల్‌టికెట్ నంబర్, కోర్సు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, 180 గంటలు అని స్పష్టంగా. నేను ఆరు కాపీలు చేయించుకున్నాను. సంస్థ పేరు దగ్గర ఖాళీ వదిలి ఇస్తారా అని అడిగితే ఆఫీసులో ఇచ్చారు. లేకపోతే ఒక్కో చోటికి ఒక్కో లెటర్ కోసం వారం వారం తిరగాలి.

సైన్సు వాళ్లకు చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఆలోచించదగ్గవి. తోతాపురి సీజను సరిగ్గా మన సెలవుల్లోనే పడుతుంది, మే చివర మొదలై జూన్, జూలై నడుస్తుంది. ల్యాబులో బ్రిక్స్ (గుజ్జులో తీపి కొలత) చూడడం, ఆమ్లత్వం కొలవడం, బ్యాచ్ నంబర్లు రాయడం లాంటివి కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ పిల్లలకు అచ్చంగా సిలబస్ పనే. గుజ్జు బ్రిక్స్ 14 దగ్గర ఉండాలంటే ఎందుకో అక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది. షిఫ్టు బస్సు, క్యాంటీన్ ఉన్న యూనిట్ అయితే ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఒక చిక్కుంది. కాయ ఆలస్యంగా దిగితే ఫ్యాక్టరీ ఆలస్యంగా తెరుస్తారు, మన తేదీలు మాత్రం వాటంతటవి జరగవు. అక్కడ కుదుర్చుకునేవాళ్లు మొదటి రెండు వారాలకు ఇంకో చోటు చూసిపెట్టుకోవాలి, లేదా మెంటార్‌తో ముందే మాట్లాడి ఆలస్యంగా మొదలుపెట్టేలా తేదీలు మార్చుకోవాలి.

ఇప్పుడు దారి ఖర్చు. ప్యాకేజీ తప్పించుకున్నవాళ్ల డబ్బు కారిపోయేది ఇక్కడే, దీన్ని ఎవరూ ముందు లెక్క వేయరు. 180 గంటలను రోజుకు 4 గంటలతో భాగిస్తే 45 రోజులు, 6 గంటలతో అయితే 30 రోజులు. అంటే ఒకే పనికి పదిహేను రాకపోకలు తేడా. నేను వారానికి నాలుగు రోజులు, రోజుకు ఆరు గంటలు అడిగాను. ఎనిమిది వారాలు, 32 రోజులు, 192 గంటలు. పన్నెండు గంటలు ఎక్కువే, అది కావాలనే. గంగమ్మ జాతర వారంలో తిరుపతిలో ఏ ఆఫీసూ నిలకడగా నడవదు, రెండు రోజులు పోయినా లెక్క తప్పకూడదు కదా. చేసిన పని రాసి కాలేజీకి ఇచ్చే ప్రోగ్రామ్ బుక్కులో లాగ్ వారాలవారీగా ఉంటుంది కాబట్టి ముప్పై రోజులు వరసగా చేసేసి నాలుగు వారాలు ఖాళీగా వదలడం కుదరదు. వారానికి నాలుగు రోజులే పద్ధతి. ఇది కూడా మెంటార్‌తో ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

బస్సు పాస్ నమ్ముకోవద్దు. విద్యార్థి పాస్ ఇంటి నుంచి కాలేజీకి ఉన్న రూటుకే. ఇంటర్న్‌షిప్ చోటు వేరే దిక్కున ఉంటే అది పనికిరాదు. నేను రైలు సీజన్ టికెట్ తీసుకున్నాను, రెండు నెలలకు కలిపి ₹600 అయింది. విద్యార్థి రాయితీకి కాలేజీ సర్టిఫికెట్ కావాలి. సెలవుల్లో కౌంటర్ దగ్గర వాదన ఎందుకని మామూలు సీజన్ టికెట్టే తీసుకున్నాను, అయినా బస్సుతో పోలిస్తే చవకే. దానితో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే అదనంగా కట్టాలి. కడప వైపు పోయే రైళ్లు తిరుపతికి రావు, రేణిగుంటలో దిగి మారాలి. వేసవిలో కొండకు వచ్చే జనంతో జనరల్ బోగీలో కాలు పెట్టే సందుండదు, అరగంట ముందు రైలు పట్టుకోవడం మేలు. స్టేషన్ నుంచి తిలక్ రోడ్డు నడక దూరమే. ఆఫీసు వెతుక్కునేటప్పుడే దీన్ని చూసుకోండి. ఒక్కో వైపు ఇరవై రూపాయల షేర్ ఆటో అంటే, రానూపోనూ 32 రోజులకు ₹1,280, నా మొత్తం ఖర్చుకన్నా ఎక్కువ. ఇప్పుడు ఆడపిల్లలకు బస్సు చార్జీల పద్దే లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. తిరుమల కొండ బస్సులకు మాత్రం అది వర్తించదు.

మధ్యాహ్నం తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటి నుంచి సద్ది తెచ్చుకోవడమే మేలు, కానీ మే ఎండకు పప్పన్నం ఒంటిగంటకే పులిసిపోతుంది. పెరుగన్నం, చింతపండు పులిహోర నిలుస్తాయి. తెచ్చుకోలేని రోజు అన్న క్యాంటీన్, పూట భోజనం ₹5. ఆదివారం ఉండదు. నేను పన్నెండు రోజులు తిన్నాను, ₹60.

అసలు డబ్బు చివర్లో జెరాక్స్ అంగడిలో పోతుంది. ప్రోగ్రామ్ బుక్ మనమే ప్రింటు తీసుకోవాల్సి వచ్చింది, 62 పేజీలు, పేజీ ₹2 లెక్కన ₹124. చివరి రిపోర్టు 40 పేజీల నలుపు తెలుపు ప్రింటు ₹80, ఆరు రంగు పేజీలు ₹60, స్పైరల్ బైండింగ్ ₹40. సెట్టుకు ₹180, కాలేజీకి ఒకటి, నాకొకటి, ₹360. పాస్‌పోర్ట్ ఫొటోలు ₹50. బాలాజీ కాలనీ అంగళ్లలో చివరి వారం రద్దీ ఎలా ఉంటుందంటే, అర్జెంట్ అని చెప్పి హార్డ్ బైండింగ్ చేయించినవాళ్లు ఒక్కో సెట్టుకు రెండు వందల పైన ఇచ్చారు. కాలేజీ అడిగింది స్పైరలే. అడగని దానికి డబ్బు పెట్టడం మనవాళ్లకు అలవాటు.

ప్రింటు రెండోసారి తీయించాల్సిన పరిస్థితి రాకుండా చూసుకుంటే అదే ఆదా. రిపోర్టులు వెనక్కి వచ్చిన కారణాలు మా బ్యాచ్‌లో ఇంచుమించు ఇవే. సర్టిఫికెట్ మీద మొదలైన తేదీ, చివరి పరీక్ష తేదీకన్నా ముందుంది. ఆఫీసులో లెటర్ తేదీ చూసి టైపు చేసేస్తారు, మనం గమనించం. లాగ్‌లో ఆదివారాలు, మే డే నాడు కూడా పని చేసినట్టు రాసుకున్నారు. పేరు పదో తరగతి మెమోలో ఒక తీరు, సర్టిఫికెట్‌లో ఒక తీరు. 180 గంటలన్న మాటే లేదు. అన్నిటికన్నా ఎక్కువగా, లాగ్‌లో రోజువారీ సంతకం గడి ఖాళీ. రోజూ సాయంత్రం ఆరు గంటలకు సార్ దగ్గర బుక్కు పెట్టాలంటే మొహమాటంగా ఉంటుంది నిజమే, అలాగని చివర్లో ఒకేసారి 32 సంతకాలు ఒకే పెన్నుతో పెట్టిస్తే వైవాలో అది మొదట కనబడుతుంది. నేను ప్రతి శనివారం వారం రిపోర్టుతో పాటు పెట్టించుకున్నాను, అది ఇద్దరికీ కుదిరింది. వెనుక సూపర్‌వైజర్ మార్కులు వేసే పేజీ ఉంటుంది, దాన్ని చివరి రోజుకు వదిలేయకండి. చివరి రోజు సార్ ఏ క్లయింటు దగ్గరో ఉంటారు. ముద్ర ఉంటే దానికింద పదవి, తేదీ కూడా వేయించాలి.

ఫొటోలకు తేదీ, స్థలం పడే జియోట్యాగ్ యాప్ మొదటి రోజే పెట్టుకోవాలి. నాలుగు వేర్వేరు వారాల్లో నాలుగు ఫొటోలు చాలు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ట్యాక్స్ ఆఫీసు కాబట్టి కంప్యూటర్ తెర మీద క్లయింట్ పాన్ నంబర్లు కనిపించే ఫొటో రిపోర్టులో పెట్టకూడదు. నేను మొదట అలాంటిదే పెట్టబోతే ఆఫీసులో అక్క చూసి ఆపింది. ఆ ఒక్క పేజీ మళ్లీ ప్రింటు, ₹10.

అప్పు చేయక తప్పదనుకునేవాళ్లకు లెక్క ఇది. ₹5,000 ఆరు నెలలకు తీసుకుంటే, నూటికి మూడు రూపాయల బయటి వడ్డీకి ₹900 అవుతుంది. డ్వాక్రా సంఘంలో అమ్మ పేరు మీద నూటికి రూపాయి అంతర్గత అప్పుగా దొరికితే ₹300. సంఘం సమావేశం నెలకు ఒకటో రెండో సార్లే జరుగుతుంది, తీర్మానంలో రాస్తేనే డబ్బు ఇస్తారు, కాబట్టి అవసరానికి నెల ముందే అడగాలి. ఇంత చిన్న మొత్తానికి కమ్మలు తాకట్టు పెట్టడం నాకు సబబుగా తోచదు. ఫోన్‌లో వచ్చే లోన్ యాప్‌ల సంగతికి వస్తే, రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు కనిపించాలి, మొత్తం ఖర్చు చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ముందే ఇవ్వాలి. అది చూపకుండా కాంటాక్టులు, గ్యాలరీ అనుమతి అడిగే యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి.

నా మొత్తం: సీజన్ టికెట్లు ₹600, భోజనం ₹60, ప్రోగ్రామ్ బుక్ ₹124, రిపోర్టులు ₹360, ఫొటోలు ₹50, తప్పు పేజీ ₹10. ₹1,204. ఫోన్ రీఛార్జ్ ఎలాగూ చేసేదే కాబట్టి కలపలేదు. ఆఫీసు వెతుక్కుంటూ తిరిగిన మూడు రోజుల బస్సు చార్జీలు రాసి పెట్టుకోలేదు, ఓ రెండు వందలు వేసుకోండి. జీతం వద్దన్నా, చివరి రోజు సార్ కవర్‌లో ₹1,000 పెట్టి ఇచ్చారు. ముందే అనుకున్నది కాదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మూడో ఏడాది సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు కూడా అక్కడికే రమ్మన్నారు, ఈసారి నెలకు ఎంతో కొంత ఇస్తారట. ఆ ప్రిన్సిపాల్ లెటర్ కోసం ఈ సోమవారం ఆఫీసులో దరఖాస్తు పెట్టాను.